496 కిలోమీటర్ల పేచీ: మూలం 2013 ఏప్రిల్‌లో ఉంది

2025 సెప్టెంబరు 14న జర్మనీలోని పాపెన్‌బర్గ్ టెస్ట్ ట్రాక్‌పై చైనా కంపెనీ బీవైడీ వారి యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ కారు గంటకు 496.22 కిలోమీటర్ల వేగం అందుకుంది. నడిపింది జర్మన్ రేసర్ మార్క్ బాసెంగ్. విద్యుత్ కార్లలోనే కాదు, పెట్రోలు కార్లను కలుపుకున్నా ప్రపంచంలో అత్యంత వేగంగా వెళ్లే ప్రొడక్షన్ కారు (అంటే జనానికి అమ్మడానికి తయారు చేసే కారు) మాదేనని కంపెనీ చాటుకుంది. అంతే, పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఒకే దిశలో తీసిన పరుగు రికార్డు ఎలా అవుతుంది? మహా అయితే 30 కార్లు తయారు చేసే మోడల్‌ను ప్రొడక్షన్ కారు అంటారా? చైనా కంపెనీ అయ్యేసరికి ఇన్ని ప్రశ్నలు పుట్టుకొచ్చాయా?

చివరి ప్రశ్నలో కొంత నిజం ఉంది. దాని సంగతికి తర్వాత వద్దాం.

ఫెరారీ ఎఫ్40 నుంచి మెక్‌లారెన్ ఎఫ్1 మీదుగా తొలి బుగాటి వేరాన్ దాకా ఉన్న వరస కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు కంఠతా వచ్చు. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2013 ఏప్రిల్‌లో ఓ వారం పది రోజుల్లో గిన్నిస్ సంస్థ తీసుకున్న రెండు నిర్ణయాలు చూస్తే చాలు.

అప్పటికి రికార్డు వేరాన్ సూపర్ స్పోర్ట్ పేరిట ఉంది. 2010లో బుగాటికి అప్పటి యజమాని ఫోక్స్‌వ్యాగన్ సొంత ట్రాక్ ఎరా-లెసియన్‌లో పియెర్ ఆన్రీ రఫనెల్ ఒక దిశలో 427.93, ఎదురు దిశలో 434.21 వేగంతో నడిపాడు (ఈ వేగాలన్నీ గంటకు కిలోమీటర్లలో). సగటు 431.07. ఇంతవరకు పేచీ లేదు. అయితే కస్టమర్లకు ఇచ్చే కార్లకు మాత్రం వేగం 415 దాటకుండా ఆపే ఎలక్ట్రానిక్ లిమిటర్ పెడుతున్నామని, అది టైర్ల రక్షణ కోసమని బుగాటి అప్పుడే చెప్పింది. దాచిందేమీ లేదు. మూడేళ్లపాటు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, అంతే.

కదిలించింది టెక్సస్‌కు చెందిన చిన్న కంపెనీ హెన్నెస్సీ. 2013 ఫిబ్రవరిలో వారి వెనమ్ జీటీ కాలిఫోర్నియాలోని లెమూర్ నౌకాదళ వైమానిక స్థావరంలో 427.6 అందుకుంది. ఇది 431 కంటే తక్కువే. కానీ హెన్నెస్సీ వాదన వేరు: మీరు డబ్బు పెట్టి కొనుక్కున్న వేరాన్ 415 దాటదు, మా కారు దాటుతుంది, మరి జనం కొనుక్కోగల కార్లలో ఏది వేగవంతమైనది? బ్రిటిష్ పత్రిక సండే టైమ్స్ ఇదే ప్రశ్నను గిన్నిస్ ముందు పెట్టింది. లిమిటర్ తీసేయడం మార్పు కిందికే వస్తుందని, అది నిబంధనలకు విరుద్ధమని గిన్నిస్ ఒప్పుకుంది. రికార్డు చెల్లదంది. కొద్ది రోజులకే, రద్దు చేయలేదు, పరిశీలిస్తున్నాం అంది. ఆ పరిశీలన కూడా చకచకా ముగిసింది. లిమిటర్ మార్చినంత మాత్రాన కారు మౌలిక డిజైన్ గానీ ఇంజిన్ గానీ మారినట్టు కాదంటూ రికార్డును మళ్లీ బుగాటికే కట్టబెట్టింది.

బుగాటి పక్షాన చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. 1998లో మెక్‌లారెన్ ఎఫ్1 సాధించిన 386.4 కూడా ఇంజిన్ తిరిగే వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్‌ను తీసేసి నడిపితే వచ్చిందే. అది ఉంటే 372 దగ్గర ఆగేది.

కానీ ఆ వేగాల్లో లిమిటర్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె మాత్రమే కాదు. అక్కడ కారును ఆపేది చాలాసార్లు ఇంజిన్ కాదు, టైరు. తిరిగే టైరు తనను తాను బయటికి చీల్చుకునే బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 490 కిలోమీటర్ల దగ్గర టైరు అంచు మీద పడే లాగుడు భూమ్యాకర్షణకు ఐదు వేల రెట్లు దాటుతుంది. అంటే అక్కడి ఒక్కో గ్రాము రబ్బరు ఐదు కిలోలకు మించిన బరువులా లాగుతుంటుంది. ఆ టైరు నిపుణులు దగ్గరుండి బిగించి, ఒక్క పరుగుకు వాడి పారేసేదైతే ఒక లెక్క. ఎండలో, గుంతల్లో, గాలి చూసుకోకుండా రెండేళ్లు తిరిగే టైరైతే మరో లెక్క. 415 అనే అంకె ఆ రెండింటి మధ్య గీత. మేం ఈ వేగం దాకానే పూచీ పడతామని కంపెనీ తానే గీసుకున్న గీత. ఆ గీతకు అవతల సాధించిన వేగం కూడా అమ్ముడయ్యే కారుదేనని గిన్నిస్ తేల్చింది. చూపించే వేగం ఒకటి, అమ్మే వేగం ఒకటి కావడానికి అధికారిక ముద్ర పడింది అప్పుడే. తర్వాతి కథంతా ఆ ముద్ర నీడలోనే నడిచింది.

మరుసటి ఏడాదే దాని ఫలితం కనిపించింది. 2014 ఫిబ్రవరిలో వెనమ్ జీటీ ఫ్లోరిడాలో ఒకప్పుడు స్పేస్ షటిళ్లు దిగిన రన్‌వేపై 435.31 అందుకుంది. వేరాన్ రెండు పరుగుల్లో మెరుగైన దానికన్నా ఇది ఎక్కువే. కానీ ఎదురు దిశలో పరుగుకు నాసా అనుమతించలేదు. పైగా గిన్నిస్ కోరే 30 కార్ల కనీస సంఖ్య హెన్నెస్సీకి లేదు. రికార్డు ఇవ్వలేదు. నిబంధన నిబంధనే, తప్పు పట్టలేం. అయితే ఏడాది కిందట సాగదీసిన నిబంధన, ఇప్పుడు సాగని నిబంధన ఒకే పుస్తకంలోవి.

రెండు దిశలు ఎందుకంత ముఖ్యం? వెనక గాలి, రోడ్డు వాలు ఒక వైపు కలిసొస్తే మరో వైపు ఎదురవుతాయి. సగటు తీస్తే చాలావరకు చెల్లుకు చెల్లు. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ వేగ రికార్డుల్లో గంటలోపు రెండు దిశల్లోనూ పరుగు పెట్టాలన్న నియమం అందుకే. ఇది ఎంత తేడా తెస్తుందో 2017 నవంబరు 4న నెవాడాలో కళ్లకు కట్టింది. పారంప్ దగ్గర 160వ నంబరు రహదారిని మూసేసి, స్వీడన్ కంపెనీ కోనిగ్‌సెగ్ తన అగేరా ఆర్‌ఎస్‌ను దించింది. డ్రైవర్ నిక్లాస్ లిల్యా. కారు ఒక కస్టమర్‌ది, రోడ్డు జనం రోజూ తిరిగేది. ఒక వైపు 436.44, రెండో వైపు 457.94. అదే కారు, అదే రోడ్డు, అదే మనిషి, తేడా 21 కిలోమీటర్ల పైచిలుకు! ఎక్కువ వచ్చిన వైపే పట్టుకుని ప్రచారం చేసుకుంటే అడిగేవారు లేరు. కోనిగ్‌సెగ్ సగటు 447.19నే రికార్డుగా చెప్పింది. (ఆ మోడల్ మొత్తం 25 కార్లే. 30 లెక్క గట్టిగా పట్టుకుంటే ఇదీ నిలవదు. ఆ సంఖ్యకు అంత పవిత్రత ఎక్కడిదో!)

2019 ఆగస్టు 2న బుగాటి మళ్లీ ఎరా-లెసియన్‌కు వచ్చింది. వేరాన్ తర్వాతి మోడల్ షిరాన్‌కు తోక పొడిగించి, లోపల రక్షణ చట్రం బిగించి, మిషెలిన్ టైర్లను ఎక్స్‌రే తీసి మరీ ఎక్కించి, ఆండీ వాలెస్ చేతికిచ్చింది. 490.48. ప్రొడక్షన్ కార్లు తయారు చేసే కంపెనీల్లో గంటకు మూడు వందల మైళ్లు దాటిన తొలి ఘనత. సాహసంగా చూస్తే దానికి వంక పెట్టలేం. కానీ పరుగు ఒకే దిశలో. మెక్‌లారెన్ 1998లో, వేరాన్ 2010లో రెండు వైపులా పరుగెత్తిన ట్రాక్ ఇదే. కారు కూడా ప్రొడక్షన్‌కు దగ్గరగా ఉన్న ప్రొటోటైపే తప్ప ప్రొడక్షన్ కారు కాదు, బుగాటి కూడా అలాగే చెప్పింది. జర్మనీ తనిఖీ సంస్థ టూఫ్ (TÜV) వేగాన్ని ధ్రువీకరించింది. ధ్రువీకరించింది వేగాన్నే, రికార్డును కాదు. ఆ తర్వాత అమ్మకానికి వచ్చిన 30 సూపర్ స్పోర్ట్ 300+ కార్లకు లిమిటర్ 440 దగ్గర పడింది. 2010లో చూపించిన దానికీ అమ్మిన దానికీ తేడా 16 కిలోమీటర్లు. 2019 నాటికి 50. టైరు మీద పడే బలంలో చూస్తే ఇది దాదాపు నాలుగో వంతు తేడా. ఇక టాప్ స్పీడ్ పోటీకి దండం అని చెప్పి బుగాటి తప్పుకుంది. ప్రపంచ పత్రికలు మాత్రం అత్యంత వేగవంతమైన కారు అనే బిరుదును ధారాళంగా రాశాయి.

చిన్న కంపెనీలన్నీ సత్యవంతులేం కావు. 2020 అక్టోబరులో అమెరికా కంపెనీ ఎస్‌ఎస్‌సీ అదే నెవాడా రహదారిపై తన కారు టువాటారా సగటున 508.73 సాధించిందని ప్రకటించింది. కొందరు యూట్యూబర్లు ఆ వీడియోను అగేరా వీడియో పక్కన పెట్టి చూశారు. రోడ్డు పక్క గుర్తుల మధ్య దూరానికి పట్టిన సమయం లెక్కేస్తే ఆ వేగం వచ్చే వీలే లేదు. కొలత పరికరాలు తయారు చేసిన డ్యూవెట్రాన్ సంస్థ కూడా ఆ వేగాన్ని తాము ధ్రువీకరించలేదని చెప్పేసింది. చివరికి 2021లో ఎస్‌ఎస్‌సీ తప్పు ఒప్పుకుంది. మధ్యలో 2021 జనవరిలో ఫ్లోరిడాలో కారు యజమాని చేత మళ్లీ నడిపించి, రెండు దిశల సగటున 455.3 చూపించింది.

ఇప్పుడు యాంగ్‌వాంగ్ దగ్గరికి వద్దాం. నాలుగు మోటార్లు, ఒక్కోటి 555 కిలోవాట్లు, మొత్తం మూడు వేల హార్స్‌పవర్ పైమాటే, 1,200 వోల్టుల వ్యవస్థ. పాపెన్‌బర్గ్ 12.3 కిలోమీటర్ల అండాకార ట్రాక్, తిన్నటి భాగం నాలుగు కిలోమీటర్లే. ఎరా-లెసియన్‌లో అది దాదాపు తొమ్మిది. అంత కురచ దూరంలో 496 తెచ్చారంటే ఇంజినీర్ల పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. గేర్లు మార్చే పని లేని విద్యుత్ మోటారుకు అది కొంత కలిసొచ్చింది. అయితే ఇది షోరూమ్‌లో దొరికే యూ9 కాదు. మామూలు యూ9కు 800 వోల్టుల వ్యవస్థ, 1,300 హార్స్‌పవర్, కంపెనీ చెప్పే టాప్ స్పీడ్ 309. ఎక్స్‌ట్రీమ్‌కు మోటార్లు, చక్రాలు, టైర్లు, బ్రేకులు అన్నీ వేరు. పరుగు ఒకే దిశలో.

బుగాటి 490కి, దీని 496కి మధ్య తేడా ఆరు కిలోమీటర్లు కూడా లేదు. దిశ మారితే అగేరాకు వచ్చిన తేడాలో మూడో వంతు కూడా కాదది. ఒకే దిశలో తీసిన రెండు పరుగుల్లో ఏది గొప్పదో ఈ అంకెలతో తేల్చడం కుదిరే పని కాదు. ఇక చైనా ప్రశ్న. 2019లో ఒకే దిశ పరుగును, ప్రొటోటైపును, 30 కార్ల సంఖ్యను అడ్డు చెప్పకుండా మింగినవాళ్లు ఇప్పుడు అవే మూడు అభ్యంతరాలు బీవైడీ ముందు పెడితే, ఆ కంపెనీ అభిమానులు ఉడుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. బీవైడీ కొత్తగా నిబంధన ఏదీ తుంగలో తొక్కలేదు. ముందువాళ్లు తొక్కి చదును చేసిన దారిలోనే నడిచింది.

రెండు దిశల సగటు ఒక్కటే లెక్క అనుకుంటే ఈ తగాదాలో ఉన్న రెండు కార్లూ పట్టికలో ఉండవు. పైన మిగిలేది 2021 నాటి టువాటారా 455.3. ఒకసారి తప్పుడు అంకె చెప్పిన కంపెనీ మాట నమ్మనివారికి, నెవాడా రోడ్డుపై ఓ కస్టమర్ కారు తెచ్చిన 447.19.