టైర్ న్యాయం, హెల్మ్ ఆజ్ఞ: ఒకే పక్షంలో ఈ చీలిక ఎక్కడిది?

ఖైదీ నిర్దోషి అని తేలింది, విడుదల ఉత్తర్వు మాత్రం రాలేదు. న్యాయదేవుడు టైర్‌ను కొలిచే పాలాడిన్ (దైవయోధుడు) తలుపు తెరవమంటాడు. కాపలా దేవుడు హెల్మ్ క్లెరిక్ (పూజారి) తాళంచెవి ఇవ్వడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటను ఫర్గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో ఆడేవారి మధ్య ఇలాంటి వాదన మొదలైతే పూట గడిచిపోతుంది. ఇద్దరూ తమ దేవుడి మాటే పాటిస్తున్నారు మరి.

దీని మూలం రూల్స్‌లోనే ఉంది. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు అలైన్‌మెంట్లు, అంటే పాత్రల నైతిక వైఖరులు, లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థత), కేయాస్ (అరాచకం) అని మూడే. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి మంచిచెడులు కూడా కలిసి తొమ్మిదయ్యాయి. మంచితో నిమిత్తం లేకుండా క్రమాన్ని మాత్రమే పట్టుకునే లాఫుల్ న్యూట్రల్‌కు అలా చోటు దొరికింది. టైర్ లాఫుల్ గుడ్ (క్రమం, మంచి), హెల్మ్ లాఫుల్ న్యూట్రల్, నిరంకుశత్వానికి దేవుడైన బేన్ లాఫుల్ ఈవిల్ (క్రమం, చెడు). మూడో ఎడిషన్‌లో క్లెరిక్ తన దేవుడి అలైన్‌మెంట్‌కు ఒక్క మెట్టు అటూఇటూ ఉండొచ్చు. దాంతో లాఫుల్ న్యూట్రల్ క్లెరిక్ ఈ ముగ్గురిలో ఎవరినైనా కొలవొచ్చు. హెల్మ్ గుడిలోనైతే లాఫుల్ గుడ్, లాఫుల్ ఈవిల్ పూజారులు పక్కపక్కనే నిలబడొచ్చు.

కథలో ఈ చీలిక బయటపడింది ఆ లోకపు కాలగణన డేల్ రెకనింగ్ ప్రకారం 1358లో, టైమ్ ఆఫ్ ట్రబుల్స్ అనే సంక్షోభంలో. బేన్, మృత్యుదేవుడు మిర్కుల్ విధి ఫలకాలను దొంగిలించడంతో దేవుళ్లకే అధిపతి ఆవో దేవుళ్లందరినీ భూమ్మీదకు తోసేసి, హెల్మ్‌ను మాత్రం స్వర్గసోపానానికి కాపలా పెట్టాడు. ఫలకాలు లేకుండా ఎవరినీ పైకి పంపకూడదని ఆజ్ఞ. మంత్రశక్తి దేవత మిస్ట్రా బలవంతంగా ఎక్కబోతే హెల్మ్ ఆమెను చంపేశాడు. ఆజ్ఞ ప్రకారం అతను చేసినదాంట్లో తప్పు లేదు, న్యాయం సంగతి వేరు. అతని మతం ఆ మచ్చను చాలాకాలం మోసింది. విధేయతకు దేవుడైన టోర్మ్ అనుచరులు టాంట్రాస్ నగరంలో ఇతర మతాలను హింసించిందీ అప్పుడే. వాళ్లకు టోర్మ్ తర్వాత ప్రాయశ్చిత్తం విధించాడు.

డేల్ రెకనింగ్ 1384లో టైరే హెల్మ్‌ను ద్వంద్వయుద్ధంలో చంపాడు. కారణం సిద్ధాంతం కాదు, అదృష్టదేవత టిమోరా విషయంలో అబద్ధాల దేవుడు సిరిక్ పుట్టించిన అపార్థం. న్యాయదేవుడు సాక్ష్యం సరిచూడకుండా కత్తి ఎత్తడం రచయితలు జారవిడుచుకున్న గొప్ప అవకాశమనే చెప్పాలి. ఇన్నేళ్ల వాదాన్ని అసూయ కథగా మార్చేశారు.

2014 ఐదో ఎడిషన్ దేవుళ్ల జాబితాలో టైర్, హెల్మ్ ఇద్దరూ ఉన్నారు, కానీ ముడి వీడలేదు. ఆ ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ టైర్‌కూ బేన్‌కూ ఒకే వార్ డొమైన్ (క్లెరిక్‌కు దేవుడిచ్చే యుద్ధ శక్తుల వర్గం) ఇచ్చింది. డొమైన్ చూసి దేవుణ్ణి ఎంచుకుంటే తేడా తెలియదు. అందుకే మొదటి సెషన్‌కు ముందే ఆట నడిపే డంజన్ మాస్టర్ ప్రతి భక్తుడినీ రెండు ప్రశ్నలు అడగాలి: ఆజ్ఞ తప్పని తెలిస్తే ఏం చేస్తావు? ఆ తప్పును తేల్చే అధికారం నీ మతంలో ఎవరిది? ఆ జవాబులు క్యారెక్టర్ షీట్ మీద రాయించాలి.