తుప్పు పట్టిన పాత కారు బాడీ: అపోహలు - వాస్తవాలు

పాత కారు బాగు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "పెద్దగా ఏం లేదండీ, రెండు మూడు చోట్ల పెయింట్ ఉబ్బింది, అంతే." టింకరింగ్ పనిలో ఉన్నవాడిగా ఆ మాట వినగానే నేను ముందు పెయింట్ చూడను. కార్పెట్ ఎత్తి చూస్తాను, తలుపు అడుగున వేలు పెట్టి చూస్తాను. తుప్పు రిపేరు నిలుస్తుందా లేదా అన్నది కనపడే వైపు కంటే రేకు వెనక వైపే ఎక్కువగా తేలిపోతుంది. కింద చెప్పిన అపోహల్లో చాలావరకు ఆ వెనక వైపును మర్చిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పెయింట్ కాస్త ఉబ్బితే, పైపైన రుద్ది టచప్ చేస్తే చాలు

రాయి తగిలి పెయింట్ లేచిన చోట పట్టే తుప్పు బయట నుంచి లోపలికి వెళ్తుంది. దాన్ని తొందరగా పట్టుకుంటే నిజంగానే పైపై పని. గీకితే కింద మెరిసే రేకు వస్తుంది. కానీ తలుపు అడుగున, చక్రం పైన వంపు అంచున, మడ్‌గార్డ్ వెనక కొసన, ముందు అద్దం ఫ్రేము మూలల్లో వచ్చే ఉబ్బు వేరే రకం. అక్కడ తుప్పు లోపల పుట్టి రేకును తినుకుంటూ బయటికి వస్తుంది. చెదపట్టిన చెక్కలా, పైకి బాగానే ఉంటుంది, లోపల ఏమీ మిగలదు.

తలుపు సంగతే తీసుకోండి. అద్దం పక్కన ఉండే రబ్బరు ఎంత కొత్తదైనా కొంత నీరు తలుపులోకి దిగుతుంది. కారు తయారుచేసినవాళ్లకీ అది తెలుసు, అందుకే తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలు పెట్టారు. ఏళ్ల తరబడి దుమ్ము, ఆకుల పొడి చేరి అవి మూసుకుపోతాయి. తలుపు బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి నొక్కిన చోట ఆ తడి చిక్కుకుంటుంది. ఆ మడతలోకి ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ కూడా సరిగ్గా చేరి ఉండదు. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ ఒత్తిడికే మడత విచ్చుకుంటుంది, పెయింట్ పొంగుతుంది. మన కంటికి పొంగు కనపడేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

చూసుకోవడం కష్టమేమీ కాదు. స్క్రూడ్రైవర్ పిడితో వరసగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి జరపండి. పట్టు తగ్గిన చోట కింద పుట్టీ మందంగా ఉన్నట్టు. పెయింట్ గీకాక ఆ రేకు వెనక చీకట్లో టార్చి పెడితే సూదిమొన రంధ్రాల్లోంచి వెలుగు వస్తుంది. అలా వెలుగు వచ్చిన రేకును ఏ మందూ బాగు చేయదు, కోసి తీసేయాల్సిందే.

అపోహ: చిల్లు మీద పుట్టీ పెడితే సరి. దీనికి జంటగా మరొకటి: పుట్టీ అంటేనే మోసం

రెండూ తప్పే. కారు పుట్టీ అంటే పాలిస్టర్ రెజిన్‌లో టాల్క్ పొడి లాంటివి కలిపిన ముద్ద. అది తేమను పీలుస్తుంది. చిల్లు మీద పెడితే దాని వెనక వైపు ఎప్పుడూ తడికి తెరుచుకునే ఉంటుంది. తడి పుట్టీలోంచి అంచుల దాకా వచ్చి, కొత్త పెయింట్ కింద తుప్పును మళ్లీ మొదలుపెడుతుంది. ఫైబర్ గ్లాస్ మ్యాట్ వేసినా జరిగేది ఇదే. రెజిన్ తుప్పు పొరను అంటుకుంటుంది తప్ప రేకును కాదు. ఆ పొర ఊడితే ప్యాచ్ మొత్తం ఊడుతుంది. పాత కార్లు విప్పినప్పుడు పుట్టీ కింద మడిచి కుక్కిన న్యూస్‌పేపర్లు, వైరు మెష్ ముక్కలు దొరుకుతూనే ఉంటాయి. ఆ పేపర్ మీది తేదీ చూస్తే ఆ పని ఎప్పుడు చేశారో కూడా తెలిసిపోతుంది.

గట్టి రేకు మీద, అతుకు బాగా పెట్టి, సుత్తి, డాలీలతో (డాలీ అంటే రేకు వెనక ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మె) వీలైనంత చదును చేశాక, రెండు మూడు మిల్లీమీటర్ల లోపు పుట్టీ పెట్టడంలో మోసమేమీ లేదు. మంచి రిస్టోరేషన్లలోనూ పెడతారు. పుట్టీకి బదులు సీసం పోయించాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. పాత ఫ్యాక్టరీల్లో అతుకుల దగ్గర సీసం, తగరం కలిపిన లోహాన్ని నిజంగానే వాడేవారు. చేయి తిరిగినవాళ్లు చేస్తే అది చక్కటి పని. కాకపోతే దాని కోసం ముందుగా రేకు మీద పూసే ఫ్లక్స్‌లో ఆమ్లం ఉంటుంది. సరిగ్గా కడగకపోతే సీసం కిందే తుప్పు పుడుతుంది. సీసాన్ని ఫైలుతో రాకాలే తప్ప మెషిన్‌తో సాండింగ్ చేయకూడదు, ఆ పొడి పీలిస్తే విషం.

అపోహ: రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పు తిరిగి ఇనుము అవుతుంది

కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నవి తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా, టానిక్ ఆమ్లం ఉన్నవి నల్లటి టానేట్‌గా మారుస్తాయి. అంటే తుప్పు మరో పదార్థంగా మారి కాస్త స్థిరపడుతుంది. పోయిన మందం పోయినట్టే. అవి పల్చటి పొర వరకే పనిచేస్తాయి. పెచ్చులు పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పోస్తే పై పొర నల్లబడి ముచ్చటగా కనపడుతుంది, అడుగున అదే తుప్పు అలాగే ఉంటుంది. నేను వాడేది ఒకే సందర్భంలో: అంతా గీకి, వైర్ బ్రష్ కొట్టాక, చిన్న గుంటల్లో మిగిలిపోయిన మరకల మీద. ఆ తర్వాత డబ్బా మీద చెప్పినట్టు కడిగి, ఆరబెట్టి, అప్పుడే ప్రైమర్. కడగకుండా వదిలేసిన ఆమ్లం మీద ఎపాక్సీ (తేమను అడ్డుకునే ప్రైమర్) సరిగ్గా పట్టదు.

అపోహ: బాడీ మొత్తాన్ని సాండ్ బ్లాస్టింగ్ చేయించడమే ఉత్తమం

చాసిస్, యాక్సిల్, సస్పెన్షన్ ఆర్మ్‌ల లాంటి మందపాటి వాటికి, గాలి ఒత్తిడితో రేణువులు కొట్టి తుప్పు, పెయింట్ ఊడగొట్టే ఈ పద్ధతి కంటే మంచిది లేదు. బానెట్, పైకప్పు, తలుపుల బయటి రేకు వంటి పెద్ద చదునైన భాగాలకు మాత్రం ప్రమాదం. వేడికి రేకు వంకర పోతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం దెబ్బలే. లక్షల రేణువులు ఒక వైపునే కొడుతుంటే ఆ వైపు ఉపరితలం సాగుతుంది, రేకు గిన్నెలా ఉబ్బుతుంది. అలా సాగిన రేకును మళ్లీ దారికి తేవడం ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. చదును రేకుకు పెయింట్ రిమూవర్, చేత్తో సాండింగ్, లేదా ప్లాస్టిక్ రేణువుల లాంటి మెత్తటి పదార్థంతో తక్కువ ప్రెషర్‌లో బ్లాస్టింగ్ మేలు. సోడా బ్లాస్టింగ్ (తినే సోడా పొడితో కొట్టడం) పెయింట్‌ను తీస్తుంది కానీ తుప్పును తీయదు. పేరులో సాండ్ ఉందని మామూలు ఇసుకే వాడొద్దు. దాని సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది.

బ్లాస్టింగ్ అయిన రేకుకు రక్షణ ఏమీ ఉండదు. గాలిలో తేమ ఉంటే కొన్ని గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ కలుపుకుని సిద్ధంగా ఉన్నాకే బ్లాస్టింగ్‌కి పంపాలి.

చిన్న విడిభాగాలకు ఎలక్ట్రోలిసిస్ (నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదలగొట్టడం) బాగా పనిచేస్తుంది. వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ ఛార్జర్, ఒక పాత ఇనుప ముక్క ఉంటే చాలు. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి.

అపోహ: గట్టిగా ఉండాలంటే ఆపకుండా వెల్డింగ్ చేయాలి

పాత కార్ల బాడీ రేకు మామూలుగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు మందం ఉంటుంది. దాని మీద ఆపకుండా అతుకు లాగితే వేడెక్కి వ్యాకోచిస్తుంది. చుట్టూ చల్లగా ఉన్న రేకు దానికి చోటివ్వదు. చల్లారేటప్పుడు ముందున్న దానికంటే ఎక్కువ ముడుచుకుంటుంది. ప్యానెల్ అలలు అలలుగా తయారవుతుంది.

అందుకే మిగ్ వెల్డింగ్‌లో (వైరు తానే కరిగి అతుకు వేసే కరెంటు వెల్డింగ్) 0.6 మిల్లీమీటర్ల వైరుతో, ఒక్కొక్క చుక్కగా టాక్ పెట్టాలి. ఒక మూల ఒకటి, దానికి ఎదురు మూల ఇంకొకటి, తర్వాత మధ్యలో. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక పక్క చుక్క. చుక్కలన్నీ కలిసిపోయేసరికి పూట గడిచిపోవచ్చు, గడవనివ్వండి. మధ్యమధ్యలో వెనక డాలీ పట్టి అతుకు మీద సుత్తితో కొడితే ముడుచుకున్న రేకు మళ్లీ సాగుతుంది. మిగ్ అతుకు గట్టిగా ఉంటుంది కాబట్టి ముందు దాన్ని గ్రైండ్ చేసి తగ్గించుకోవాలి. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో చేసే కరెంటు వెల్డింగ్), గ్యాస్ అతుకులు మెత్తగా ఉంటాయి, సుత్తికి బాగా లొంగుతాయి. అయితే గ్యాస్‌లో వేడి ఎక్కువ పాకుతుంది.

ప్యాచ్ ఎలా కోయాలన్నదీ ఇక్కడే. చిల్లు సైజుకు కాకుండా, రేకు పూర్తి మందంతో ఉన్న చోటిదాకా కోయాలి. పల్చబడిన అంచుకు వెల్డింగ్ పెట్టబోతే రేకు కరిగి చిల్లు పెద్దదవుతుంది, మీరు దాన్ని తరుముకుంటూ పోతారు. మూలలు గుండ్రంగా కోస్తే వేడి ఒక్క చోట పోగవదు. కొత్త ముక్క పాత రేకు మందంలోనే ఉండాలి. పాత రేకు మీద కొత్త రేకు ఎక్కించి వెల్డింగ్ చేయడం సులువే, కానీ ఆ రెండింటి మధ్య సందు తడికి ఇల్లవుతుంది. బయటికి కనిపించే రేకుల్లో అంచుకు అంచు కలిపే అతుకే సరైనది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట, ఎండలో నిలబెట్టినప్పుడు అతుకు గీత పెయింట్‌లోంచి కనపడటం నేను చాలాసార్లు చూశాను.

గాల్వనైజ్డ్ రేకు అయితే అతుకు దగ్గర జింకు పూత గీకేయండి, కాలిన జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. బ్యాటరీ తీసేయండి. అవతలి వైపు కార్పెట్, తారు షీటు, పెట్రోలు పైపు ఉన్నాయేమో చూశాకే నిప్పు ముట్టించండి.

అపోహ: కొత్త ప్యానెల్ దొరికితే పాతది కోసి అతికించడమే కదా

ఇప్పుడు మార్కెట్లో దొరికే నకలు ప్యానెళ్లలో కొన్ని బాగుంటాయి. కొన్నింటిలో రేకు పల్చన, గీతలు, వంపులు మొద్దుగా ఉంటాయి. వాటి మీద నల్లటి పూత చాలాసార్లు రవాణాలో తుప్పు పట్టకుండా వేసిందే, ప్రైమర్ కాదు. పాత రేకులో ముప్పాతిక భాగం బాగుంటే అడుగు మాత్రం కోసి ప్యాచ్ వేయడానికే నేను మొగ్గు చూపుతాను. ఆ కారు అసలు గీతలు ఆ రేకులోనే ఉంటాయి.

తలుపుల కింద పొడుగునా సాగే సిల్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. విడి చాసిస్ లేని కార్లలో బరువును మోసేది అదే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఆ భాగం హీటర్ గాలికి దారి కూడా. అది పుచ్చితే బాడీకి ఆసరా పోతుంది. అలాంటి దాన్ని కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా, ఏటవాలుగా ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి బాడీని బిగించాలి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. కొత్త ప్యానెల్‌ను ముందు క్లాంపులతో పెట్టి, తలుపు బిగించి, సందులు చుట్టూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. సందు చూడకుండా వెల్డింగ్ చేసి, తర్వాత తలుపు మూసుకోవట్లేదని వచ్చిన కార్లున్నాయి. అక్కడ మళ్లీ కోయడం తప్ప వేరే దారి లేదు.

అపోహ: ప్రైమర్ కొట్టేశాం, ఇక నీటి భయం లేదు

మామూలు ఫిల్లర్ ప్రైమర్, పాత రకం రెడాక్సైడ్ రెండూ తేమను లోపలికి రానిస్తాయి. ప్రైమర్‌లో నిలబెట్టి నెలల తరబడి వదిలేసిన కారు ఆ ప్రైమర్ కిందే తుప్పు పడుతుంది. శుభ్రమైన రేకు మీద ముందు ఎపాక్సీ, దాని మీద పుట్టీ, ఆపైన ఫిల్లర్ ప్రైమర్, చివరికి రంగు. నా వరస ఇది.

అపోహ: అల్యూమినియం, ఫైబర్ బాడీకి తుప్పు సమస్య ఉండదు

పాత సిరీస్ ల్యాండ్ రోవర్లకు బయటి రేకులు అల్యూమినియం మిశ్రమానివి, చాసిస్, ఇంజిన్ వెనక ఉండే ముందు గోడ మాత్రం ఉక్కువి. రెండు లోహాలు తడిలో కలిసిన చోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, ఉక్కు తన దారిన తను తుప్పు పడుతుంది. 1953 నుంచి ఫైబర్ బాడీతో వచ్చిన కార్వెట్ స్పోర్ట్స్ కారు పాత మోడళ్లకు కూడా కింద ఉన్నది ఉక్కు ఫ్రేమే. పోర్షే 911కు 1976 మోడల్ నుంచి గాల్వనైజ్డ్ బాడీ వచ్చింది. దానివల్ల తుప్పు బాగా తగ్గింది, కానీ ప్రమాదం తర్వాత కోసి అతికించిన చోట ఆ జింకు మిగలదు.

అపోహ: షెడ్డులో పెట్టి కవరు కప్పితే చాలు

గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కింద తేమ బయటికి పోదు. తడి కారు మీద అలాంటిది కప్పడం కంటే కప్పకుండా వదిలేయడమే నయం.

అపోహ: అడుగున దళసరి తారు పూత వేస్తే ఎప్పటికీ తుప్పు రాదు

శుభ్రమైన, పెయింట్ వేసిన రేకు మీద వేస్తే రాళ్ల దెబ్బలకు అడ్డు. తుప్పు మీద వేస్తే మూత. కాలం గడిచేకొద్దీ తారు ఎండి పగులుతుంది. పగుల్లోకి దిగిన నీరు బయటికి పోలేదు, మీకు కనపడదు కూడా. పాత కారు కొనేటప్పుడు అడుగున నిగనిగలాడే కొత్త తారు కనిపిస్తే నేను సంతోషించను, స్క్రూడ్రైవర్ తీస్తాను.

సిల్ లోపల, తలుపుల లోపల వంటి మూసుకున్న చోట్లకు క్యావిటీ వ్యాక్స్ వాడాలి. అది పూర్తిగా గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది. వెల్డింగ్, పెయింట్ అన్నీ అయ్యాకే కొట్టాలి. ముందే కొడితే మంటకు అంటుకుంటుంది, పెయింట్ పట్టదు. పొడుగాటి గొట్టంతో లోపలి చివరి దాకా వెళ్లి, వెనక్కి లాగుతూ కొట్టండి. మర్నాడు నీరు పోయే రంధ్రాలను వ్యాక్స్ మూసేసిందేమో చూసి, సన్నటి తీగతో ఒక్కోటీ తెరవండి. కొన్నేళ్లకోసారి లోపల చూసి, పొర పల్చబడిన చోట మళ్లీ కొట్టుకోవచ్చు.