రెండిరుసుల రైల్‌బస్సు, డిజిటల్ కంట్రోల్: పాయింట్ల మీద ఆగిపోయే జబ్బు ఎక్కడిది?

ఎనిమిది చక్రాల మోడల్ ఇంజను ఏ ఇబ్బందీ లేకుండా దాటే పాయింట్ల (పట్టాలు రెండు దారులుగా చీలే చోటు) మీద చిన్న మోడల్ రైల్‌బస్సు ఠక్కున ఆగిపోతుంది. లైట్లు ఆరి వెలుగుతాయి, చేత్తో కాస్త నెడితే కుదుపుతో కదులుతుంది. డీకోడర్ (బండిలో ఉండి డిజిటల్ ఆదేశాలను అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూట్) పోయిందనుకుని మార్చేస్తారు చాలామంది. కొత్తది పెట్టినా బండి అక్కడే ఆగుతుంది, ఎందుకంటే ఈ జబ్బుకు మూలం ఈ మోడల్‌కు ఆధారమైన అసలు రైలు బండి కట్టుబడిలోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ప్రయాణికులు పలచగా ఉండే బ్రాంచి లైన్లలో ఆవిరి ఇంజన్లు నడపడం యూరప్ రైల్వేలకు మోయలేని ఖర్చైంది. పశ్చిమ జర్మనీలో యూర్డింగెన్ కర్మాగారం 1950లో వీటీ 95 నమూనాలు తయారుచేసింది. కొన్నేళ్ళకే రెండు ఇంజన్ల వీటీ 98 వచ్చింది. బ్రిటిష్ రైల్వేస్ కూడా 1958లో ఐదు కంపెనీలు కట్టిన 22 రైల్‌బస్సులను దించింది. అందరి సూత్రం ఒకటే: బోగీలు (పెట్టె కింద విడిగా తిరిగే చక్రాల చట్రాలు) తీసేసి రెండే ఇరుసులు, నేల కింద బస్సు తరహా డీజిల్ ఇంజను, తేలికైన బాడీ. ఖర్చు తగ్గింది. అయితే అంత తేలికైన బండి పట్టాల మీది ట్రాక్ సర్క్యూట్లకు (బండి ఎక్కడుందో పట్టాల్లోని కరెంటుతో కనిపెట్టే ఏర్పాటు) ప్రతిసారీ నమ్మకంగా తెలిసేది కాదు. చక్రానికీ పట్టాకూ మధ్య విద్యుత్ సంబంధం సరిగా కుదరకపోవడం అసలు బండికీ ఉన్న చిక్కే.

వీటీ 98 పొడవు 13.95 మీటర్లు, ఇరుసుల మధ్య దూరం 6 మీటర్లు. హెచ్‌ఓ స్కేల్లో, అంటే 1:87లో, ఇవి సుమారు 160, 69 మిల్లీమీటర్లు. ఎన్ స్కేల్లో, 1:160లో, 87, 37.5 మిల్లీమీటర్లు. ఒక్కో పట్టాను తాకేది రెండే చక్రాలు. పట్టు కోసం ఒక చక్రానికి రబ్బరు రింగు తొడిగితే ఆ వైపు మిగిలేది ఒక్కటే. ఇరుసులు రెండూ ఛాసిస్‌లో బిగుసుకుని ఉంటే, కాస్త ఎగుడుదిగుడు పట్టా మీద బండి మూడు చక్రాల మీదే నిలబడుతుంది. అప్పుడే మరో చక్రం పాయింట్ల ఫ్రాగ్‌లోని (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) ప్లాస్టిక్ ముక్క మీదికి వస్తే కరెంటు తెగిపోతుంది.

పాత అనలాగ్ పద్ధతిలో ఈ లోపం అంతగా బయటపడలేదు. కరెంటు క్షణం తెగినా మోటారుకున్న ఫ్లైవీల్ (బరువైన చక్రం) బండిని ముందుకు లాగేది, గుర్తుపెట్టుకోవలసిన ఆదేశమేదీ లేదు. 1979లో హార్న్‌బీ జీరో 1, 1980ల మధ్యలో మార్క్లిన్ డిజిటల్ అనే డిజిటల్ కంట్రోల్ పద్ధతులు వచ్చాక కథ మారింది. 1990లలో అమెరికాలోని మోడల్ రైల్వే అభిరుచిపరుల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ, జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకుని డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ప్రమాణాన్ని స్థిరపరిచింది. ఇందులో కరెంటూ ఆదేశమూ ఒకే పట్టాల జంట మీద వస్తాయి. సిగ్నల్‌లో అరతరంగం 58 మైక్రోసెకన్లుంటే ఒకటి అనే బిట్, 100 ఉంటే సున్నా. బండి మెల్లగా నడుస్తున్నా పట్టాల్లో పూర్తి వోల్టేజీ ఉంటుంది, పల్చటి మురికిని దాటడానికి ఇది మేలే. కానీ కాంటాక్ట్ తెగితే డీకోడర్ మొదటినుంచి మొదలవుతుంది. సీవీ3లో (డీకోడర్ దాచుకునే సెట్టింగులను సీవీలంటారు) యాక్సిలరేషన్ ఎక్కువ పెట్టి ఉంటే చాలా డీకోడర్లు సున్నా నుంచి నెమ్మదిగా వేగం పెంచుతాయి, దాంతో కనురెప్పపాటు అంతరాయం కూడా కళ్ళకు కనబడే ఆగుడవుతుంది.

చోటు మరో సమస్య. చుట్టూ కిటికీలు, లోపల సీట్లు, మోటారే కష్టంగా దాక్కుంటుంది. 8 పిన్నుల సాకెట్ల కాలంలో డీకోడర్‌ను దాచడమే గగనం. 6 పిన్నులవీ, తర్వాత 18 కాంటాక్టుల నెక్స్ట్18 రకమూ వచ్చాకే, కరెంటు తెగిన క్షణంలో డీకోడర్‌ను నిలబెట్టే కెపాసిటర్‌కు కాస్త చోటు మిగిలింది.

ఎంత కెపాసిటర్ కావాలో లెక్క కట్టవచ్చు. మోటారు, లైట్లు కలిపి 80 మిల్లీఆంపియర్లు లాగుతాయనుకుందాం. 0.1 సెకను నిలబెట్టాలి, వోల్టేజీ 14 నుంచి 7కు పడినా పర్వాలేదు. దానికి దాదాపు 1,150 మైక్రోఫారడ్లు కావాలి. 220 మైక్రోఫారడ్లది పెట్టి పని కాలేదనేవారికి జవాబు ఈ లెక్కలోనే ఉంది. రేటింగ్ 25 వోల్టులు ఉండటం మంచిది, 16 వోల్టులది అంచు మీద నడుస్తుంది. టాంటలమ్ రకాన్ని తలకిందులుగా కలిపితే కాలిపోతుంది. ఛార్జింగ్‌కు 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సమాంతరంగా డయోడ్ పెట్టాలి, డయోడ్ దిశ కెపాసిటర్ నుంచి డీకోడర్ వైపు ఉండాలి. రెసిస్టర్ లేకపోతే కరెంటు పెట్టగానే బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె) దాన్ని షార్ట్ అనుకుని కట్టేస్తుంది. డీకోడర్ బ్లూ వైరు ప్లస్ అవుతుంది. మైనస్‌కు డీకోడర్ మీద ప్రత్యేక బిందువు ఉంటుంది, పట్టా నుంచి కరెంటు తెచ్చే నల్ల వైరుకు కలిపితే డీకోడర్ పోతుంది.

కెపాసిటర్ పెట్టాక సీవీ29లో అనలాగ్ అనుమతిని తీసేయాలి, అంటే 6 ఉంటే 2 చేయాలి. లేకపోతే సిగ్నల్ పోయి కెపాసిటర్ కరెంటు మాత్రమే మిగిలిన క్షణంలో కొన్ని డీకోడర్లు అనలాగ్ అనుకుని బండిని ఒక్క ఉదుటున పరిగెత్తిస్తాయి.

అయినా మా దృష్టిలో కెపాసిటర్ చివరి మందు. ముందు ఫ్రాగ్‌కు పాయింట్ల దిశతో మారే కరెంటు ఇవ్వాలి. తర్వాత ఒక ఇరుసు కాస్త ఊగేలా చేసి నాలుగు చక్రాలూ పట్టాను తాకేలా చూడాలి. ట్రెయిలర్ కోచ్ ఉంటే రెండు తీగల కప్లింగ్‌తో దాని చక్రాల నుంచీ కరెంటు తీసుకోవచ్చు, ఒక్కో పట్టాకు నాలుగు కాంటాక్టులు దక్కుతాయి. మోటారు మీదున్న పాత సప్రెషన్ కెపాసిటర్‌ను (రేడియో అంతరాయం తగ్గించేది) తీసేస్తే డీకోడర్ బ్యాక్ ఈఎంఎఫ్‌ను (తిరిగే మోటారు పుట్టించే వోల్టేజీ) సరిగా కొలుస్తుంది, నెమ్మది నడక కుదురుతుంది.

ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు మార్చే విడి పట్టా) మీద సీవీ విలువ చదవలేకపోయినా డీకోడర్‌ను తప్పుపట్టకండి. అది జవాబుగా 6 మిల్లీసెకన్ల పాటు కనీసం 60 మిల్లీఆంపియర్లు లాగాలి. చిన్న కోర్‌లెస్ మోటారు అంత లాగదు, పైగా ఛార్జవుతున్న కెపాసిటర్ ఆ జవాబును కప్పేస్తుంది. రాసిన అడ్రసు నిలిచిందా లేదా అన్నది మెయిన్ లైను మీద బండిని కొత్త అడ్రసుతో పిలిస్తే తేలిపోతుంది.