పసరు మందు నుంచి తిప్పతీగ కషాయం దాకా

కామెర్లంటే మా నెల్లూరు జిల్లా పల్లెల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది పసరు పోసే మనిషే. నేల ఉసిరి మొక్కను వేళ్లతో సహా కడిగి, రోట్లో మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. ఉప్పు, నూనె మానేయమంటారు. కొన్నాళ్లకు కళ్లలో పచ్చదనం తగ్గుతుంది. ఆ మనిషి పేరు పక్క ఊళ్లకూ పాకుతుంది.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. వైరస్ సోకి కాలేయం వాచే జబ్బు హెపటైటిస్. అందులో కలుషిత నీటితో వచ్చే ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తాగకపోయినా తగ్గేవే. పిత్తనాళంలో రాయి అడ్డుపడిన వాళ్లు, హెపటైటిస్ ఈ సోకిన గర్భిణులు పసరును నమ్ముకుని రోజులు పోగొట్టుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. నా బాధంతా వాళ్ల గురించే.

నేల ఉసిరిని శాస్త్రవేత్తలు పట్టించుకోలేదని అనడం తప్పు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టిన నోబెల్ గ్రహీత బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. ఆ మొక్క పొడి వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందన్నారు. ఎంత ఆశ పుట్టించిందో! తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం ఎలా బారులు తీరారో మనం చూశాం. ఆ మందుతో కాలేయం చెడిందని నేను అనడం లేదు. ఆ రోజుల టెన్షన్ ఎలాంటిదో గుర్తుచేస్తున్నానంతే. ఆ టెన్షన్‌లోనే తిప్పతీగ ఇంటింటికీ వచ్చింది. వేపచెట్లకు పాకే తీగే అది. కాడను గోటితో గీరితే పైపొర కాగితంలా లేచి, కింద పచ్చగా కనిపిస్తుంది. అంతకుముందు జ్వరమొస్తే నాలుగు రోజులు తాగే కషాయాన్ని, ఇమ్యూనిటీ కోసమని ఇంటిల్లిపాదీ నెలల తరబడి తాగారు.

ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు రాస్తే, 2021లో ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. మొక్కను సరిగా గుర్తించలేదంది. 2022లో దేశంలోని 13 ఆస్పత్రుల డాక్టర్లు అలాంటివే 43 కేసులు ప్రచురించారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత కాలేయం మీదే తిరగబడే జబ్బు లక్షణాలు వాటిలో కనిపించాయి. రోగనిరోధక శక్తిని పెంచుతుందని తాగిన కషాయమే దాన్ని రెచ్చగొట్టి ఉంటుందని డాక్టర్ల అనుమానం.

చట్టం కూడా ఇక్కడ అంతగా ఆదుకోదు. పాత ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్న మందుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు కొత్తగా భద్రతా పరీక్ష అడగరు. రోట్లో నూరిన పసరుకు ఆ లైసెన్సూ ఉండదు.

ఆస్పత్రిలో డాక్టర్ ‘ఏం మందులు వాడారు?’ అని అడిగితే రోగులు ‘ఏమీ లేదు సార్’ అనేస్తారు. అబద్ధమాడాలని కాదు, ఇంట్లో కాచిన కషాయం వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకే డాక్టర్లు కషాయం, పసరు, పొడి, లేహ్యం అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి.