బూజు తింటామా అమ్మమ్మా?

మల్లేశ్వరం, బెంగళూరు

చిట్టికి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

పోయిన సెలవుల్లో పుట్టగొడుగుల వేపుడు చేసి పెడితే, చిట్టి ముక్కలన్నీ కంచంలో ఒక పక్కకు నెట్టేసి "ఇది బూజే కదా అమ్మమ్మా, బూజు తింటామా?" అని అడిగింది. మీ అమ్మ గదమాయించింది గానీ, నాకా ప్రశ్న భలే నచ్చింది. రైలు టైమైపోతోందని ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వన్నది నిజమే తల్లీ. బూజు, బ్రెడ్డును పొంగించే ఈస్టు, పుట్టగొడుగు, అన్నీ శిలీంధ్రాలే. ఇవి మొక్కలు కావు. ఆకుల్లేవు, పచ్చదనం లేదు. మొక్కల్లాగా ఎండతో తమ తిండి తాము తయారు చేసుకోలేవు. అందుకే గడ్డి మీదో, చెట్టు మొద్దు మీదో బతుకుతాయి. అంతమాత్రాన అసహ్యించుకోనక్కర్లేదు. ఎందరి ప్రాణాలో కాపాడిన పెనిసిలిన్ మందు కూడా ఒక బూజు నుంచి వచ్చిందే.

ఎండతో తిండి చేసుకోలేకపోయినా, పుట్టగొడుగు ఎండతో ఇంకో పని చేస్తుంది. నాకది తెలిసింది మోకాళ్ళ నొప్పుల వల్ల. రెండేళ్ళ కిందట మెట్లెక్కాలంటే ప్రాణం మీదికొచ్చేది. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువుందని తేలింది. ఫ్లాట్‌లో ఉండి ఎండ మొహం చూడకపోతే అంతే మరి. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, ఎండలో కూర్చోమని, పుట్టగొడుగులు తింటే వాటినీ ఎండలో పెట్టమని చెప్పింది. నేను ఆశ్చర్యపోయాను.

మన చర్మంలో ఉండే ఒక పదార్థం ఎండ తగిలితే విటమిన్ డిగా మారుతుంది కదా. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అని అలాంటిదే ఉంటుంది. ఎండలో అది డి2 అవుతుంది, అదీ విటమిన్ డిలో ఒక రకమే. కానీ బజారులో దొరికేవాటిని చీకటి గదుల్లో పెంచుతారు కాబట్టి, వాటిలో డి దాదాపు ఉండదు. అందుకని నేను ముక్కలు కోసి, వెడల్పాటి పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మిట్టమధ్యాహ్నం మేడ మీద పెడతాను. అరగంట నుంచి గంట చాలు. అలా పెడితే 100 గ్రాములకు 10 మైక్రోగ్రాముల దాకా, అంటే 400 యూనిట్ల దాకా డి వస్తుంది. మీ వయసు పిల్లలకు రోజుకు 600 యూనిట్లు కావాలి. కిటికీ అద్దం వెనక పెడితే మాత్రం లాభం లేదు, పనిచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. కాకులు రాకుండా నేనూ పక్కనే కూర్చుంటాను. ఆ కాసేపూ నా మోకాళ్ళకూ ఎండ తగులుతుంది.

మిగతా గుణాలూ మంచివే. బి విటమిన్లు, పొటాషియం, సెలీనియం ఉంటాయి. నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే, అందుకే బాణలి నిండా వేసినా గుప్పెడవుతుంది. ప్రోటీన్ మాంసంతో సమానమంటారు కొందరు. అది సరికాదు. పచ్చి బటన్ పుట్టగొడుగుల్లో 100 గ్రాములకు 3 గ్రాములే ఉంటుంది. కాబట్టి పప్పు మానేయొద్దు. ఇంకో సంగతి, పచ్చివి తినకూడదు. రొయ్య పెంకులో ఉండే కైటిన్ దీనిలోనూ ఉంటుంది, ఉడికిస్తే మెత్తబడి కాస్త తేలిగ్గా అరుగుతుంది.

బుజ్జీ, ఇది నీకు. వానపడ్డ మర్నాడు పార్కు గడ్డిలోంచి గుప్పెడు పుట్టగొడుగులు ఏరుకొచ్చావు చూడు, నా గుండె ఆగినంత పనైంది. మా చిన్నప్పుడు చిత్తూరు పక్కన మా ఊళ్ళో, మొదటి వానలకు మా నాన్న పుట్టల దగ్గర మొలిచినవి తువ్వాల్లో మూటకట్టి తెచ్చేవాడు. పుట్టలో చెదపురుగులు ఆ శిలీంధ్రాన్ని తమ తిండి కోసం సాగు చేస్తాయి. అది గొడుగు విప్పి బయటికొస్తే పుట్టగొడుగు. ఏ పుట్ట దగ్గర ఏది మొలుస్తుందో ఆయనకు ఏళ్ళ తరబడి తెలుసు. మనకు తెలియదు. విషపువాటిలో కొన్ని తిన్నాక ఆరు గంటలు, పన్నెండు గంటలు ఏమీ అనిపించదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి బాగైనట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. ఉడికించినా ఆ విషం పోదు. వెండి నాణెం వేస్తే నల్లబడుతుందనే మాట నమ్మకండి. చూడు, ఫోటో తియ్యి, చెయ్యి మాత్రం పెట్టకు.

నీకు పుట్టగొడుగు మొలవడం చూడాలనుంటే మన ఇంట్లోనే చూడొచ్చు. ఇక్కడ కన్నడంలో అణబె అంటారు. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి ఆయిస్టర్ రకం విత్తనం తెప్పించాను. వరిగడ్డిని నానబెట్టి, ఉడికించి, నీళ్ళోడ్చి, పొరలు పొరలుగా విత్తనం చల్లి ప్లాస్టిక్ సంచిలో కట్టాను. మూడు వారాలకు గడ్డి అంతా తెల్లటి దారాలు అల్లుకుని, నెయ్యి పేరినట్టు కనిపించింది. సంచికి పెట్టిన రంధ్రాల దగ్గర నిన్న ఆవగింజలంత మొటిమలు లేచాయి. రోజుకు రెండు పూటలా నీళ్ళు చిలకరిస్తున్నాను.

దసరాకు మీరొచ్చేనాటికి ఇంకో సంచి కట్టి ఉంచుతాను. కోసేది చిట్టి. మేడ మీద కాకుల కాపలా బుజ్జిగాడిది.

మీ అమ్మమ్మ