ముందు చీటీ కాదు, బొమ్మ

పిల్లలూ,

మొన్న అడిగారు కదా, "తాతయ్యా, పెద్దవాళ్లకి కూడా బొమ్మలు చూడటం నేర్పాలా?" అని. నేర్పాలర్రా, మీకంటే వాళ్లకే ఎక్కువ నేర్పాలి. రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక మ్యూజియంలో, వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పే పని చేశాను. మీ ఈడువాళ్లు తిన్నగా బొమ్మ దగ్గరికి పరిగెత్తి "ఆ కుక్కెందుకలా చూస్తోంది?" అంటారు. పెద్దవాళ్లు ముందు పక్కనున్న చీటీ చదివి, పేరూ సంవత్సరం చూసుకుని, అప్పుడు ఓ క్షణం బొమ్మ వైపు తల తిప్పి, "మాకివన్నీ తెలియవండీ" అనేస్తారు. తప్పు మాట్లాడితే పరువు పోతుందని టెన్షన్!

వాళ్లని అనీ లాభం లేదు. మ్యూజియంలే అలా ఉండేవి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 1759లో తెరిచినప్పుడు, లోపలికి వెళ్లాలంటే ముందే అర్జీ పెట్టుకుని టికెట్ కోసం ఎదురుచూడాలి. దాదాపు వందేళ్లకి అదే ఊళ్లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం (ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్) గ్యాస్ దీపాలు పెట్టి రాత్రిపూట కూడా తెరిచింది, పగలంతా పనిలో ఉండేవాళ్ల కోసం. ఇప్పుడైతే న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం లాంటివి మతిమరుపు జబ్బున్నవాళ్లని ఇంట్లోవాళ్లతో సహా పిలిచి, బొమ్మల ముందు కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తున్నాయి.

నేను మాత్రం మొదట్లో చరిత్రంతా వల్లించేవాణ్ణి. పాపం తలూపుతూ వినేవాళ్లు, ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. తర్వాత అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు కలిసి తయారుచేసిన పద్ధతి ఒకటి తెలిసింది. మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకేం కనిపిస్తోంది? అంతే, అడిగి ఊరుకోవాలి (నాకు ఊరుకోవడమే కష్టమైంది). రెండో ప్రశ్న దగ్గరే ఉంది కిటుకంతా, ఎందుకంటే దానికి చీటీలో జవాబు దొరకదు, మళ్లీ బొమ్మలోనే వెతుక్కోవాలి.

అలాగని చరిత్ర అక్కర్లేదని కాదు. చూశాక చెబితే చెవికెక్కుతుంది.

ఒకరోజు ఖాళీ గది బొమ్మ ముందు ఓ పెద్దావిడ, అప్పటిదాకా వెనకే నిలబడినావిడ, "ఎవరో ఇప్పుడే కోపంగా లేచి వెళ్లారండీ" అంది. ఏం చూసి అన్నారమ్మా అంటే, గోడ దాకా జరిగిపోయిన కుర్చీ చూపించింది. ఆ బొమ్మ ముందు రోజూ నిలబడి పాఠం చెప్పినవాణ్ణి, ఆ కుర్చీ నా కంట పడనేలేదు.

మీ తాతయ్య