తిరుపతి పిల్లలకు సముద్రం పాఠం ఎందుకు? కొన్ని అపోహలు - వాస్తవాలు

స్కూళ్లకు వెళ్లి సైన్స్ ప్రయోగాలు చేసి చూపించడం నా పని. తిరుపతి, చిత్తూరు వైపు సముద్రం గురించి క్లాసు తీసుకుంటానంటే ముందు వినిపించేది ఈ మాటే: "మనకు సముద్రమెక్కడుంది సార్? వైజాగ్ పిల్లలకు చెప్పండి, పనికొస్తుంది."

అపోహ: మనకు సముద్రంతో పనిలేదు.

వాస్తవం: 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సముద్రతీరం వైపున్న తడ, సూళ్లూరుపేట, శ్రీహరికోట అందులోకే వచ్చాయి. చిత్తూరు జిల్లాకు తీరం లేదు, నిజమే. కానీ అక్కడి చెరువులు ఎక్కువగా నిండేది కూడా బంగాళాఖాతం తేమతోనే. 2021 నవంబరులో తిరుపతి వీధులను ముంచెత్తిన వాన బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండానిదే. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులవి. అందుకే నేను తిమింగలాలతో మొదలుపెట్టను, ఆ వానతోనే మొదలుపెడతాను. అప్పుడు పిల్లలే ప్రశ్నలు వేస్తారు.

సముద్రం పైనీళ్లు దాదాపు 26, 27 డిగ్రీలు దాటి వేడెక్కితేనే తుపాను బలపడుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి లాంటి నదులు తెచ్చిపోసే మంచినీళ్లు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి పైనే పొరలా నిలుస్తాయి. కింది చల్లటి నీళ్లు సులభంగా పైకి రాలేవు. ముఖ్యంగా ఉత్తర బంగాళాఖాతంలో పైపొర వేడి అలాగే ఉండిపోవడానికి ఇదొక కారణం. గ్లాసులో రంగు కలిపిన ఉప్పునీళ్లు పోసి, వాటి మీద స్పూను ఆనించి మంచినీళ్లు మెల్లగా వదిలితే క్లాసులోనే రెండు పొరలూ కనిపిస్తాయి. ఖర్చు గుప్పెడు ఉప్పు!

అపోహ: ఆకాశం ప్రతిబింబం వల్లే సముద్రం నీలంగా ఉంటుంది.

ఇది పిల్లల కన్నా పెద్దలే గట్టిగా నమ్ముతారు. చిన్నప్పుడు వైజాగ్‌లో చదువుకున్న సి.వి.రామన్ 1921లో యూరప్ నుంచి ఓడలో తిరిగొస్తూ దీన్ని పరీక్షించారు. ప్రతిఫలించే కాంతిని వడగట్టే నికోల్ ప్రిజంతో నీటి మీది ప్రతిబింబాన్ని తగ్గించి చూస్తే నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీరు ఎర్రటి కాంతిని ఎక్కువగా పీల్చేసుకుంటుంది, మిగిలిన నీలం చెదిరి మన కంటికి చేరుతుంది. ఆకాశం వాటా కొంత ఉంది, అసలు కారణం మాత్రం నీరే.

అపోహ: మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం సముద్రమే ఇస్తోంది.

వాట్సాప్ పోస్టర్లలో తిరిగేది ఇదే. భూమి మీద కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని సూక్ష్మ జీవులు చేస్తున్న మాట నిజం. అయితే అలా పుట్టిన ఆక్సిజన్‌లో దాదాపు అంతా సముద్రంలోనే ఖర్చయిపోతుంది. గాలిలో ఉన్నది కోట్ల ఏళ్లుగా పోగైన నిల్వ. సముద్రం మీద ప్రేమ పెంచడానికి సగం నిజాలు చెప్పడం నాకు నచ్చదు.

అపోహ: సముద్రం పాఠానికి పెద్ద ల్యాబ్ కావాలి.

సముద్రంతో కలిసే పులికాట్ ఉప్పునీటి సరస్సు చాలు. జనవరిలో ఫ్లెమింగోలను చూపించడానికి బస్సులు కడతారు కదా, వెళ్లినప్పుడు ఒక బాటిల్ నీళ్లు తెచ్చుకోండి. స్ట్రా అడుగున బంకమట్టి ముద్ద పెట్టి అందులో తేల్చి, ఎంతవరకు మునిగిందో గీత గీయండి. వేసవిలో మళ్లీ నీళ్లు తెచ్చి అదే స్ట్రా వేస్తే ఈసారి ఇంకా పైకి తేలుతుంది. వానలకు పలచబడిన ఉప్పు ఎండలకు చిక్కబడుతుంది మరి. సెలవులకు ముందే, ఏప్రిల్‌లో వెళ్లిరండి.